ఇండెంట్ లేని కవరు

జూన్ 3

ఇది పదేళ్ల కిందటి ఆఫీసు డైరీ. తేదీలకీ వారాలకీ పొత్తు కుదరదు. వారం పేరు కొట్టేసి రాస్తున్నాను.

తను పోయి డెబ్బై ఒక్క రోజులు.

ఉదయం మరదలు వచ్చి అక్క బీరువా సర్దింది. చీరలు రెండు కుప్పలు పెట్టి, ఒక కుప్ప తీసుకెళ్లింది. రెండోది ఎందుకు వదిలేసిందో చెప్పలేదు.

మంచం కిందనుంచి చెప్పుల పెట్టెలు నాలుగు బయటికి లాగింది.

"బావగారూ, వీటిలో ఏముంది?"

"నాచు."

"ఇంకా ఉందా అది?"

"ఉంది."

"అందరూ ఇంట్లో పాచి వదిలించుకుంటారు. పెట్టెల్లో పెట్టి దాచుకున్నది మా అక్క ఒక్కతే. పారేయనా?"

"ఉండనీ."

"ఎందుకూ, కూర వండుకుంటారా?"

నవ్వొచ్చింది. ఆవిడకీ వచ్చింది. తర్వాత ఇద్దరం కాసేపు కిటికీలోంచి బయటికి చూశాం. బయట ఏమీ లేదు.

పెట్టెలు మళ్లీ మంచం కిందికి తోశాను.

జూన్ 4

కరెంటు మీటరు చూసేవాడు వచ్చాడు. "అమ్మగారు లేరాండీ?" అన్నాడు. లేరన్నాను. "సరేలెండి, వచ్చే నెల కలుస్తాను" అన్నాడు.

జూన్ 7

ఆస్పత్రిలో ఆఖరి వారం తను ఒక మాట అంది. మందుల మత్తులో కాదు. కళ్లజోడు అడిగి పెట్టుకుంది. కిటికీ పక్కన గోడమీద చెమ్మ వైపు కాసేపు చూసి అంది.

"నా నాచు ఆ జర్మనీ ఆయనకి నచ్చలేదేమోనండీ."

"ఇప్పుడెందుకవన్నీ" అన్నాను.

ఆ సంగతి జరిగి ఇరవై ఆరేళ్లు. తను మర్చిపోయిందనే అనుకున్నాను.

తను బడిలో సైన్సు చెప్పేది. బడి వెనక నీళ్ల ట్యాంకు గోడమీద ఒక రకం నాచు. పదకొండేళ్లు దాన్ని కనిపెట్టి చూసింది. ఒక భూతద్దం, ఒక పెన్సిలు, గీతల నోటుపుస్తకం. కాలేజీ లైబ్రరీలో ఏదో పాత పత్రిక తిరగేస్తుంటే ఒక జర్మన్ ప్రొఫెసరు ప్రకటన కనపడింది. వేడి దేశాల గోడ నాచుల మీద రాస్తున్నాను, నమూనాలు పంపగలవారు పంపండి అని. ఆ పేజీ మొత్తం చేత్తో రాసుకుని ఇంటికి తెచ్చింది. మూడు నెలలు కూర్చుని పద్నాలుగు పొట్లాలు కట్టింది. ఒక్కో పొట్లానికి ఒక బొమ్మ.

పంపింది నేనే. ఉత్తరం ఆఫీసు మిషను మీద టైపు కొట్టి, పొట్లాలు గట్టి అట్టపెట్టెలో సర్ది, ఆఫీసు టపాలో పంపాను. జాగ్రత్తగానే పంపాను.

జవాబు రాలేదు. తను ఒక ఏడాది చూసింది. తర్వాత భూతద్దం బడికి ఇచ్చేసింది.

రెండు ముక్కలు రాయడానికి ఆ పెద్దమనిషికి చేతులు పడిపోయాయా? అందింది, పనికిరాదు అని రాసినా తను ఊరుకునేది. ఎందుకు రాయలేదో అడగాలి. బతికుంటే.

జూన్ 9

వీధి చివర లైబ్రరీకి వెళ్లాను. కంప్యూటర్లు వెనక గదిలో ఉన్నాయి. మా ఆవిడ పోయాక తన పుస్తకాలు లైబ్రరీకి తీసుకున్న మనిషే లైబ్రేరియన్. కార్డు చూసి పేరు గుర్తుపట్టింది. పరామర్శించకుండా కుర్చీ చూపించింది. అందుకు మంచిదనిపించింది.

"ఒక జర్మన్ ప్రొఫెసరుని వెతకాలండీ."

"బతికున్నారా?"

"అది తెలిస్తే ఇక్కడిదాకా ఎందుకొస్తాను."

"అలా కాదు సార్. బతికున్నవాళ్లకి ఒక దారి, పోయినవాళ్లకి ఒక దారి. పోయినవాళ్లే సులువుగా దొరుకుతారు. ఉద్యోగాలు మారరు కదా."

అనేశాక నాకేం జరిగిందో ఆవిడకి గుర్తొచ్చినట్టుంది. కీబోర్డు తుడవడం మొదలుపెట్టింది. అది శుభ్రంగానే ఉంది.

మూడు దారులు ఒక చీటీ మీద రాసిచ్చింది. ఒకటి, ఆయన పనిచేసిన విశ్వవిద్యాలయం సైటులో ఆ శాఖవాళ్ల పట్టిక. రెండు, వాళ్ల జాతీయ గ్రంథాలయం కేటలాగు. ఆ దేశంలో పరిశోధన చేసినవాడు దాన్ని అచ్చువేసి గ్రంథాలయానికి ఇవ్వాల్సిందేనట. మూడు, చిన్న చిన్న ప్రకృతి శాస్త్ర సంఘాలు తమ పాత సంచికలు స్కాన్ చేసి పెట్టిన చోట్లు.

"అన్నీ ఉచితమే. ఎక్కడైనా డబ్బు కట్టమంటే వెనక్కొచ్చేయండి. అదే వ్యాసం ఇంకోచోట ఊరికే దొరుకుతుంది. కాకపోతే ఓపిక ఉండాలి."

"ఓపికే ఉందండీ ఇప్పుడు."

జూన్ 12

ఒకటో దారి. శాఖ పట్టిక దొరికింది. ఒక్కొక్కరికీ ఫొటో, గది నంబరు, విద్యార్థులు కలవడానికి గంట. మంగళవారం రెండు నుంచి మూడు. బుధవారం పది నుంచి పదకొండు. ఎవరు ఎప్పుడు ఏ గదిలో ఉంటారో ప్రపంచమంతటికీ చెప్పి కూర్చున్నారు. రిటైరైనవాళ్ల పేర్లు అడుగున విడిగా ఉన్నాయి. వాటిలో కూడా ఆయన లేడు.

నాకు జర్మన్ మాటలు ఒక నలభై వచ్చు. పని చేసింది తూనిక యంత్రాలు, లేబరేటరీ సామాను బాగుచేసే కంపెనీ స్టోర్స్‌లో. నలభై మాటలూ మరలూ స్ప్రింగులూ గాజు గొట్టాలూ. మనుషుల గురించి ఒక్కటీ లేదు.

జూన్ 13

లేడు.

జూన్ 16

రెండో దారిలో దొరికాడు.

ఆయన పరిశోధన గ్రంథం. టైపు మిషను మీద కొట్టినదాన్ని ఎవరో పేజీ పేజీ స్కాన్ చేశారు. ఇళ్ల కప్పుల పెంకుల మీద నాచు గురించి. చివర ఒక పేజీలో రాసినవాడు తన గురించి రాసుకుంటాడట, అక్కడ ఒకప్పుడు అది ఆచారమట. అనువాదం చేసే యంత్రంలో ఒక్కో వాక్యం పెట్టి చదివాను.

గడియారాలు బాగుచేసేవాడి కొడుకు. తొమ్మిదో ఏట తల్లి పోయింది. తండ్రి గడియారాలకి వాడే భూతద్దంతో మొదటిసారి నాచు చూశాడు.

ఇది చదవకుండా ఉండాల్సింది. తిట్టుకోవడానికి వీలుగా ఉన్న మనిషి కాస్తా చెడిపోయాడు.

జూన్ 18

మరదలు ఫోను. తిన్నారా అంది. తిన్నానన్నాను. ఏం తిన్నారు అంది. నిన్న తిన్నది చెప్పాను.

జూన్ 21

లైబ్రేరియన్ మాటే నిజమైంది. పోయినవాళ్లే సులువుగా దొరుకుతారు.

పదకొండేళ్ల కిందట పోయాడు. ఒక నాచు సంఘంవాళ్ల పత్రికలో నాలుగు పేజీల సంతాప వ్యాసం. ఫొటోలో గోడ పక్కన మోకాళ్ల మీద కూర్చుని ఉన్నాడు, కెమెరా వైపు చూడలేదు. తను కూడా అలాగే కూర్చునేది. వెనకనుంచి పిలిస్తే "ఆఁ" అనేది, తిరిగేది కాదు.

ఇక అడగడానికి మనిషి లేడు.

జూన్ 22

వెళ్లలేదు.

జూన్ 24

వెళ్లాను. ఇంట్లో గడియారం చప్పుడు మరీ ఎక్కువగా ఉంది.

"మానేశారనుకున్నాను" అంది లైబ్రేరియన్.

"ఆయన పోయారండీ."

"అయ్యో." కుర్చీ లాక్కుని కూర్చుంది. "అయితే సంతాప వ్యాసం చివర ఆయన రాసినవాటి జాబితా ఉండాలే. వేస్తారు వాళ్లు. చూశారా?"

చూడలేదు. ఉంది. తొంభై నాలుగు వ్యాసాలు. అరవై ఒకటోది వేడి దేశాల గోడ నాచులు, మేము పంపిన తర్వాతి ఏడాది. ఆ సంచిక మూడో దారిలో దొరుకుతుందట.

ఆయన పొట్లాలన్నీ ఆ విశ్వవిద్యాలయం మ్యూజియంలోని ఎండిన మొక్కల భాండారానికి చేరాయని కూడా ఉంది. దానికీ ఉచితంగా వెతికే పేజీ ఉంది. సేకరించినవారి పేరు అన్న గడిలో తన పేరు కొట్టాను.

సున్నా ఫలితాలు.

ఇంటిపేరు ముందు పెట్టి కొట్టాను. సున్నా. ఇంటిపేరు తీసేసి కొట్టాను. సున్నా.

పారేశాడన్నమాట. చూడకుండానే పారేశాడు. గడియారాలవాడి కొడుకు.

జూన్ 27

ముప్పై ఒక్క పేజీల వ్యాసం. ఉదయం తొమ్మిదింటికి కూర్చున్నాను. ఇరవై తొమ్మిదో పేజీ అడుగున చిన్నక్షరాల్లో ఒక పేరా ఉంది. దానిలో నా పేరు ఉంది.

తన పేరు కాదు. నాది. నా పేరు, కింద మా కంపెనీ పేరు.

యంత్రం ఇచ్చినదాన్ని సరిచేసుకుని రాసుకున్నాను:

"ఈ వ్యాసం అచ్చుకు వెళ్తుండగా పై పెద్దమనిషి పంపిన పద్నాలుగు పొట్లాలు నాకు అందాయి. ఇంత శ్రద్ధగా కట్టిన పొట్లాలను, ఇంత నిజాయితీగల బొమ్మలను నేను అరుదుగా చూశాను. తొమ్మిదో పొట్లం నేను పైన చెప్పినదాన్ని కాదంటోంది. ఈ నాచుకు బీజాలుండే కాయ వానకు ముందు వస్తుందా, తర్వాత వస్తుందా అని అడుగుతూ ఆయనకు రెండుసార్లు రాశాను. జవాబు రాలేదు. ఆయన అనుమతి లేకుండా ఆ బొమ్మలు అచ్చువేయడం మర్యాద కాదు కనుక ఆ ప్రశ్నను ఇక్కడితో వదిలేస్తున్నాను."

ఎదురుగా అద్దాల తలుపులో నేను కనపడుతున్నాను. లేచి వేరే కుర్చీలో కూర్చున్నాను.

"దొరికిందా సార్?" అంది లైబ్రేరియన్.

"దొరికిందండీ."

"మరి సంతోషమే కదా."

"ఆఁ."

జూన్ 28

నాకు ఏ ఉత్తరమూ రాలేదు.

జూన్ 29

నాకు ఏ ఉత్తరమూ రాలేదు. వస్తే నాకు తెలియకుండా ఎలా ఉంటుంది. నా పేరుతో వచ్చినవన్నీ నా బల్లమీదికే వచ్చేవి. తను రోజూ అడిగేది, "ఆఫీసుకేమైనా వచ్చిందాండీ?" అని. రాలేదనే చెప్పాను. ఉన్న మాటే చెప్పాను.

జూలై 2

రాసేయాలి. రాస్తే గానీ కూర్చోలేను.

ముందు సంతకం. ఉత్తరం ఆఫీసు కాగితం మీద కొడితే విలువ ఉంటుందని నేనే అన్నాను. తను సరే అంది. కింద తను సంతకం పెట్టాలి. ఆ రోజు తను బడిలో ఉంది. ఆఫీసు టపా మూడింటికి వెళ్లిపోతుంది. రేపటికి ఆపితే ఏం కొంప మునిగేదో ఇప్పుడు ఎంత ఆలోచించినా తట్టడం లేదు. స్టోర్స్‌నుంచి వెళ్లే ప్రతి కాగితం కిందా నా సంతకమే. చెయ్యి దానంతటదే పెట్టేసింది. తనకి చెప్పలేదు. చెప్పేంత విషయమని అనుకోలేదు.

తర్వాత కవరు.

స్టోర్స్‌కి వారానికి పదో పన్నెండో జర్మన్ కవర్లు వచ్చేవి. అన్నీ కేటలాగులు. సరుకు కావాలని రాసే ఇండెంట్ల మీద సంతకం నాది కాబట్టి అన్నిటిమీదా నా పేరే. అవన్నీ తెరుస్తూ కూర్చుంటే పని సాగదని ఒక నియమం పెట్టాను. ఇండెంట్ ఉంటే కవరు తెరవాలి. లేకపోతే తెరవకుండా ర్యాక్ మీద పెట్టాలి. ఏడాది చివర ర్యాక్ ఖాళీ చేసి పాత కాగితాల్లో వేయాలి. మేనేజరు మెచ్చుకుని మిగతా సెక్షన్లకి కూడా అదే చెప్పాడు.

ఒక కవరు గుర్తుంది. గుర్తుందని ఇన్నేళ్లూ నాకే తెలియదు. కంపెనీ కవర్లమీద ఉండే టపా మిషను ముద్ర లేదు, స్టాంపు అంటించి ఉంది. స్టాంపు మీద ఏదో పక్షి.

"ఇదేంటి సార్, కొత్త కంపెనీయా?" అన్నాడు గుమాస్తా.

"ఇండెంట్ ఉందా?"

"లేదు సార్."

"అయితే ర్యాక్."

ఆ సాయంత్రం కూడా తను అడిగే ఉంటుంది. రాలేదనే చెప్పి ఉంటాను.

రెండోది అసలు గుర్తే లేదు. రెండోదాన్ని చేత్తో కూడా పట్టుకోలేదేమో.

జూలై 4

మరదలికి చెప్పాను. ఫోనులో కాదు, ఆవిడ ఇంటికే వెళ్లాను. ఆవిడ బఠానీలు ఒలుస్తోంది. మొత్తం విన్నాక కూడా ఒలుస్తూనే ఉంది.

"మీరు కావాలని చేయలేదు కదా బావగారూ."

"లేదు."

"మరి నాకెందుకు చెప్తున్నారు?"

"ఇంకెవరికి చెప్పను?"

చేతులు ఆపింది.

"అప్పట్లో నేనన్నాను అక్కతో. అంత ఏడుపు మొహం పెట్టుకుని కూర్చునే బదులు ఇంకోసారి పంపరాదూ అని. పెట్టెల్లో ఇంకా బోలెడుంది కదా."

"ఏమంది?"

"వద్దులెండి బావగారూ, ఇప్పుడు చెప్పి ఏం లాభం."

"చెప్పు."

"'మళ్లీ పంపితే మీ బావ సరిగ్గా పంపలేదని నేను అనుకున్నట్టుంటుందే. ఆయన పనిలో పొరపాటుండదు. తప్పు నా నాచులోనే ఉంటుంది' అంది."

బఠానీలు కొన్ని నేలమీద పడ్డాయి. ఏరిపెట్టాను. అన్నీ దొరికేదాకా ఏరాను.

జూలై 5

ఏమీ లేదు.

జూలై 6

ఏమీ లేదు.

జూలై 9

మ్యూజియం పేజీలో సేకరించినవారి గడిలో నా పేరు కొట్టాను.

పద్నాలుగు ఫలితాలు.

ఒక్కోదానికీ ఫొటో. పొట్లాలు ఎలా ఉన్నవి అలాగే ఉన్నాయి. పరీక్షల్లో మిగిలిపోయిన తెల్ల కాగితాలతో కట్టింది, ఎడమవైపు మార్జిను గీత కనపడుతోంది. పైన పెన్సిలుతో నంబరు. "ట్యాంకు గోడ, ఉత్తరం వైపు" అని తెలుగులో రాసి, కింద ఇంగ్లీషులో రాసింది. ఎక్కడో జర్మనీలో ఒక సొరుగులో తన చేతి "ట్యాంకు గోడ" ఇరవై ఆరేళ్లుగా ఉంది.

దాని కింద వాళ్లు టైపు కొట్టి అంటించిన చీటీ. సేకరించినవారు: నా పేరు.

తొమ్మిదో పొట్లం మడత దగ్గర ఒక మరక. పెద్దది చేసి చూశాను. ఇంకా పెద్దది చేశాను. పెన్సిలు అంటుకున్న బొటనవేలి ముద్ర. ఇంకా పెద్దది చేస్తే బూడిదరంగు గళ్లు తప్ప ఏమీ మిగల్లేదు. మళ్లీ చిన్నది చేశాను.

లైబ్రేరియన్ వచ్చి వెనక నిలబడింది.

"ఎవరి చేతిరాతండీ?"

"మా ఆవిడది."

"పేరు మీది ఉందే."

"అదేనండీ."

జూలై 10

ప్రతి ఫొటో కింద ఒక చిన్న బొత్తం ఉంది. ఈ వివరాల్లో తప్పుంటే తెలపండి అని. నొక్కితే ఒక ఫారం.

ఫారాలు నింపడం నా వృత్తి. ఇది నింపడానికి రెండు గంటలు పట్టింది.

ఏది తప్పు? సేకరించినవారి పేరు.

సరైనది ఏది? తన పూర్తి పేరు. అక్షరం అక్షరం చూసి కొట్టాను.

మీకు ఎలా తెలుసు? ఆ తప్పు చేసింది నేనే.

ఇది ఒకసారి కాదు, పద్నాలుగు పొట్లాలకీ పద్నాలుగు సార్లు. ఒక్కటే రాసి మిగతావాటికీ ఇదే వర్తిస్తుందనవచ్చు. అనలేదు.

జూలై 15

జవాబు వచ్చింది. భాండారం చూసుకునే ఆవిడ రాసింది. శాఖ పట్టికలో ఆవిడ ఫొటో చూసిన గుర్తు, గురువారం పదకొండు నుంచి పన్నెండు.

తమ పేరు చేర్చమని రాసేవాళ్లు చాలామంది ఉంటారు, తీసేయమని రాసినవారు మీరే మొదటివారు అంది. రుజువు కావాలంది. మీ భార్య చేతిరాతతో ఉన్న ఇంకేదైనా కాగితం ఫొటో పంపగలరా అంది. చివర ఒక వాక్యం: "ప్రొఫెసరుగారి ప్రశ్నకు ఇప్పటిదాకా ఎవరూ జవాబు చెప్పలేదు. ఆమె నోటుపుస్తకంలో ఏమైనా ఉందా?"

నోటుపుస్తకం నాలుగో పెట్టెలో అడుగున ఉంది. ఇన్నాళ్లూ అది తెరవలేదు.

జూలై 16

తెరిచాను.

గళ్లు గీసి ఉంది. తేదీ. వాన. కాయ. తర్వాత ఇంకో గడి, పైన "వా.ని." అని ఉంది. అదేమిటో నాకు తెలియలేదు. ప్రతి పేజీలో ఆ గడిలో అక్కడక్కడా గుర్తులు.

పొట్లాలు పంపిన రోజునుంచి కొత్తగా ఒక గడి చేర్చింది. టపా. దాని కింద లేదు. లేదు. లేదు. లేదు. ఒక్కోటీ నేను సాయంత్రం ఇంటికొచ్చి చెప్పిన మాట.

మూసేశాను.

జూలై 18

మరదలు వచ్చింది. నేను పిలవలేదు. కూర గిన్నెతో వచ్చి, బల్లమీద నోటుపుస్తకం చూసింది.

"నేను చదువుతాను, మీరు వాళ్లకి పంపే కాగితాల మీదికి ఎక్కించండి. ఒక్కరే అయితే ఎప్పటికి తెములుతుంది?"

"నాచంటే పడదుగా నీకు."

"నాచంటే పడదు. అక్కంటే పడదన్నానా?"

కూర్చుంది. మొదటి ఏడాది సగంలో ఆగింది.

"ఈ వా.ని. ఏంటి?"

"తెలియదు."

వెనక అట్ట తిప్పి చూసింది. నేను చూడనే లేదు అక్కడ. అన్ని గడుల అర్థాలూ రాసి ఉన్నాయి. మరదలు చదివి మొహానికి కొంగు అడ్డం పెట్టుకుంది. ఏడుస్తోందనుకున్నాను. నవ్వుతోంది.

"వాచ్‌మన్ నిద్ర" అంది.

బడి వాచ్‌మన్ మోటారు వేసి నిద్రపోయేవాడు. ట్యాంకు నిండి, పొంగి, గోడంతా తడిసేది. తను ఆ రోజులన్నీ గుర్తు పెట్టింది. పదకొండేళ్లు. వరసగా అయిదారు రోజులు వాచ్‌మన్ నిద్రపోతే మూడు వారాలకి కాయ. వానతో నిమిత్తం లేదు. ముందూ కాదు, తర్వాతా కాదు.

"పాపం ఆ జర్మనీ ఆయన" అంది మరదలు కళ్లు తుడుచుకుంటూ. "చచ్చేదాకా వాన గురించే ఆలోచించి ఉంటాడు. మా వాచ్‌మన్ ఎలా తడతాడు ఆయనకి?"

నేనూ నవ్వాను. ఈ ఇంట్లో ఇద్దరం పైకి వినపడేలా నవ్వాం.

నాలుగేళ్లవి ఎక్కించాం.

జూలై 21

పదకొండేళ్లూ అయింది. టపా గడి ఎక్కించాలా అని మరదలు అడిగింది. అది నాచు సంగతి కాదన్నాను.

పంపాను. రుజువుకి నోటుపుస్తకం పేజీల ఫొటోలు కూడా జతచేశాను. పంపే ముందు కింద తన పేరే ఉందో లేదో మూడుసార్లు చూశాను.

జూలై 22

తను రోజూ అడిగేది. నేనిప్పుడు లైబ్రరీకెళ్లి రోజుకి నాలుగుసార్లు చూస్తున్నాను. ఒక ఏడాది ఎలా చూసిందో.

జూలై 26

వచ్చింది.

వాచ్‌మన్ సంగతి చదివి ఆఫీసులో పైకే నవ్వానని, పక్కగదివాళ్లు వచ్చి అడిగారని రాసింది. లెక్కలు సరిపోతున్నాయట. ఒక చిన్న వ్యాసం రాస్తుందట, ప్రొఫెసరుగారు వదిలేసిన చోటినుంచి. రచయితల పేర్లలో మొదట మా ఆవిడ పేరు. బొమ్మలు అచ్చువేయడానికి అనుమతి అడిగింది.

పద్నాలుగు నమోదులూ సరిచేశారు. వెతికే పేజీలో తన పేరు కొట్టాను. పద్నాలుగు ఫలితాలు. నా పేరు కొట్టాను. సున్నా. చాలా హాయిగా ఉంది ఆ సున్నా.

అడుగున ఒక ప్రశ్న. వాళ్ల చీటీలో సేకరించినవారి గడి కింద పంపినవారి గడి ఒకటి ఉంటుందట. ఇన్నాళ్లూ ఖాళీగా ఉంది. దానిలో మీ పేరు రాయమంటారా అంది.

ఇంకా జవాబు ఇవ్వలేదు.

జూలై 27

వద్దని రాశాను. పంపలేదు.

జూలై 28

లైబ్రరీకి వెళ్లి అనుమతి కాగితం పంపాను. పంపినవారి గడి గురించి లైబ్రేరియన్‌ని అడిగాను.

"పంపింది మీరే కదండీ?"

"నేనేనండీ."

"మరి ఉన్నదే కదా రాస్తారు."

రాయమని అక్కడే జవాబు పంపాను.

చెప్పుల పెట్టెలు మంచం కిందనుంచి తీసి బల్లమీద పెట్టాను. ఇంటికొచ్చినవాళ్లు అడిగితే చెప్పవచ్చు.

మధ్యాహ్నం నోటుపుస్తకం ఆఖరి పేజీ తీశాను. కింద ఇంకా ఒక వరస ఖాళీ ఉంది. తను పెన్సిలుతోనే రాసేది, చెమ్మ తగిలితే సిరా పాకుతుందని. పెన్సిలు చెక్కాను. తేదీ వేశాను. వాన, ఉంది. కాయ, తెలియదు. వాచ్‌మన్, ఆ బడిలో ఇప్పుడు ఎవరో తెలియదు, వదిలేశాను.

టపా, వచ్చింది.